బంతిని కొట్టే ధర్మం: టేబుల్ టెన్నిస్ నియమాల వెనుక కథ

సైన్యంలో పనిచేసినవాళ్ళలో టేబుల్ టెన్నిస్ బ్యాట్ ఒక్కసారైనా పట్టనివాళ్ళు తక్కువ. ఏ స్టేషన్‌కు పోస్టింగ్ మీద వెళ్ళినా రిక్రియేషన్ రూములో క్యారమ్ బోర్డు పక్కన ఒక బల్ల ఉంటుంది. నెట్ ఒకవైపు జారి ఉంటుంది, బ్యాటు రబ్బరు ఒక మూల ఊడి ఉంటుంది. అయినా సాయంత్రం గేమ్స్ అయ్యాక, రోల్ కాల్ లోపు రెండు గేములు పడాల్సిందే. అయితే ఆ బంతిని ఎలా కొట్టాలి, ఎలా కొట్టకూడదు అనే నియమాలు చదివి ఆడినవాళ్ళు మనలో ఎంతమంది? చాలాచోట్ల సీనియర్ ఏది చెబితే అదే రూలు. ఈ వ్యాసంలో ఆ నియమాలు ఏమిటో, అవి ఎందుకు పుట్టాయో నాకు తెలిసినంతవరకు చెబుతాను. పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. ఇంటర్‌మీడియట్ తర్వాత నా చదువంతా పటాలంలోనే సాగింది.

బస్తర్‌లో ఈ మాట ఎందుకు వచ్చింది

సుబేదారుగా పెన్షన్‌కు వచ్చాక కొంతకాలం ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా బచేలీలో, బైలాడిలా ఇనుప గనుల దగ్గర, సెక్యూరిటీ ఉద్యోగం చేశాను. బస్తర్ అంటే మనవాళ్ళకు అడవి, మందుపాతరలు, పేపర్లో వార్తలు మాత్రమే గుర్తుకొస్తాయి. నిజానికి ఆ నేలతో మనకు పాత బంధుత్వం ఉంది. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశపు అన్నమదేవుడు అటు వెళ్ళి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. కోంటా, భోపాలపట్నం వైపు సంతల్లో ఈనాటికీ తెలుగు వినబడుతుంది. 1960లలో కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ దాకా రైలుమార్గం వేశారు. బైలాడిలా ఖనిజం ఆ దారినే విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు వెళ్ళింది. ఆ రైలు వెంటే మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మనుషులు కూడా ఉద్యోగాలకు అక్కడికి చేరారు.

అక్కడి కాలనీ క్లబ్బులో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల ఉండేది. సాయంత్రం పిల్లలు చేరేవారు. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, హిందీ పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళ గోండు పిల్లలు. ఎవరి ఇంటి భాష వాళ్ళది, అందరికీ కలిసిన భాష హిందీ. ఆట కంటే తగాదా ఎక్కువ. రోజూ అవే మూడు తగాదాలు. బంతి బల్ల అంచుకు తగిలింది, పాయింట్ ఎవరిది? బంతి వేళ్ళకు తగిలి అవతలికి వెళ్ళింది, చెల్లుతుందా? సర్వీసు నెట్‌కు తగిలి పడింది, మళ్ళీ వెయ్యాలా? తేల్చేవాడు లేకపోతే గొంతు పెద్దదున్నవాడిదే పాయింట్. సొంత బ్యాటున్న పిల్లవాడి మాటకు విలువ, అరువు బ్యాటుతో ఆడే పిల్లవాడి మాటకు విలువ లేదు. నేను వెళ్ళేసరికి, “సాబ్, మీరు ఫౌజీ కదా, మీరే చెప్పండి” అని అంపైర్ పని నాకు అంటగట్టారు.

“ఇది రూలు” అంటే పిల్లలు ఊరుకోరు, “ఎందుకు?” అంటారు. ఆ ఎందుకుకు జవాబు వెతుక్కుంటూ చదివినదే ఈ చరిత్ర. చదివాక ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. ఈ ఆటలో బంతిని కొట్టే నియమాల్లో చాలా వాటి వెనుక ఒక సంఘటనో, ఒక ఎత్తుగడో ఉంది. ఎవరో అవతలివాడికి బంతి కనబడకుండానో, తెలియకుండానో చేశారు. అప్పుడు నియమం వచ్చి అవతలివాడి వాటా అతనికి ఇప్పించింది.

పుస్తకాల నెట్ నుంచి సెల్యులాయిడ్ దాకా

ఈ ఆట 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో, రాత్రి భోజనాల తర్వాత కాలక్షేపంగా మొదలయింది. మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులే మెస్సు బల్ల మీద పుస్తకాలు నిలబెట్టి నెట్‌గా చేసి, మరో రెండు పుస్తకాలతో గోల్ఫ్ బంతిని కొట్టేవారని, ఆ సరదాను వాళ్ళే ఇంగ్లండుకు పట్టుకెళ్ళారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ కథే అనుకున్నా, మెస్సుల సంగతి తెలిసిన మనకు అది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

మొదట్లో రబ్బరు బంతి, బెండు బంతి వాడేవారు. ఒకటి అదుపు లేకుండా ఎగిరేది, రెండోది సరిగా లేచేదే కాదు. 1901 ప్రాంతంలో జేమ్స్ గిబ్ అనే ఆంగ్లేయుడు అమెరికాలో చూసిన సెల్యులాయిడ్ బంతిని ఈ ఆటకు తెచ్చాడు. ఆ రోజుల్లోనే గుడ్ అనే మరో ఆంగ్లేయుడు చెక్క బ్యాటుకు బుడిపెల రబ్బరు అంటించాడు. బంతి, బ్యాటు రెండూ కుదిరాయి.

మన ఫిరంగి దళం మిత్రులకు ఇక్కడ ఒక మాట. సెల్యులాయిడ్ అంటే నైట్రోసెల్యులోజు, కర్పూరం కలిపి చేసేది. పొగరాని తూటా మందులో ఉండేది కూడా నైట్రోసెల్యులోజే. అంటే మనం రిక్రియేషన్ రూములో కొట్టిన బంతి, మ్యాగజైనులో దాచిన మందు దూరపు చుట్టాలన్నమాట. పాత బంతి భగ్గున అంటుకునేది అందుకే. 2014 నుంచి అంతర్జాతీయ పోటీల్లో సెల్యులాయిడ్ లేని ప్లాస్టిక్ బంతులు వచ్చాయి.

1926లో లండన్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి, అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. పాల్గొన్న తొమ్మిది దేశాల్లో మన దేశం ఒకటి. అప్పటికి మనకు స్వాతంత్ర్యం లేదు, కానీ ఈ ఆటలో మన పేరు మొదటి రోజు నుంచే ఉంది.

రెండు గంటల పాయింట్

1936లో ప్రేగ్ ప్రపంచ పోటీల్లో పోలండ్ ఆటగాడు ఎర్లిచ్, రుమేనియా ఆటగాడు పానెత్ తలపడ్డారు. ఇద్దరూ తప్పు చెయ్యకుండా బంతిని అవతలికి తోస్తూనే ఉన్నారు. మొదటి పాయింట్ తేలడానికే రెండు గంటలు దాటింది. మరుసటి ఏడాది ఆస్ట్రియాలోని బాడెన్‌లో మహిళల ఫైనల్లో రూత్ ఆరన్స్, ట్రూడ్ ప్రిట్జి గడువు దాటిపోయేదాకా ఆడారు. ఇద్దరినీ డిస్‌క్వాలిఫై చేసి టైటిల్ ఖాళీగా వదిలేశారు. 2001లో గానీ ఇద్దరినీ సంయుక్త విజేతలుగా ప్రకటించలేదు. అరవై ఏళ్ళు దాటాక అందిన న్యాయం అది.

దీని ఫలితంగా నెట్ ఎత్తు ఆరుముప్పావు అంగుళాల నుంచి ఆరు అంగుళాలకు తగ్గింది. దాడి చేసేవాడికి దారి దొరికింది. తర్వాత ఎక్స్‌పెడైట్ పద్ధతి వచ్చింది. ఇప్పటి నియమం ప్రకారం ఒక గేమ్ పది నిమిషాలు సాగినా ఇద్దరి పాయింట్లు కలిపి 18కి చేరకపోతే, అక్కడి నుంచి ఒక్కొక్క సర్వీసు చొప్పున మారుతుంది. సర్వీసు అందుకున్నవాడు 13 సార్లు సరిగా తిప్పికొడితే పాయింట్ అతనిదే.

ఇదే కాలంలో కొందరు అమెరికా ఆటగాళ్ళు సర్వీసు వేసేటప్పుడు బంతిని వేళ్ళతో నలిపి విపరీతంగా తిప్పేవారు. బంతి ఎటు తిరుగుతుందో అవతలివాడికి అంతు పట్టేది కాదు. 1937లో దాన్ని నిషేధించారు. తెరిచిన అరచేతిలో బంతి పెట్టుకోవాలనే నియమానికి మూలం ఇదే.

బొంబాయిలో శబ్దం పోయింది

1952 ప్రపంచ పోటీలు మన బొంబాయిలో జరిగాయి. ఆసియాలో అవే మొదటివి. హిరోజి సతో అనే జపాన్ ఆటగాడు దళసరి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చాడు. అంతవరకు బుడిపెల రబ్బరుకు బంతి తగిలితే టక్ మని శబ్దం వచ్చేది. ఆ శబ్దాన్ని బట్టి దెబ్బ ఎంత గట్టిదో అవతలివాడు పోల్చుకునేవాడు. స్పాంజిలో శబ్దం లేదు. బంతి బ్యాటులోకి దిగబడి చప్పుడు లేకుండా దూసుకొచ్చేది. మహామహులు తికమకపడ్డారు, సతో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అతను నియమం మీరలేదు, ఎందుకంటే అప్పటికి అలాంటి నియమమే లేదు. 1959లో బ్యాటు రబ్బరు మందానికి హద్దు పెట్టారు. స్పాంజి, పై రబ్బరు, జిగురు అన్నీ కలిపి నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు.

తర్వాత ఇంకో ఎత్తుగడ వచ్చింది. బ్యాటుకు రెండు పక్కలా ఒకే రంగు, కానీ రెండు రకాల రబ్బర్లు. ఒక రబ్బరు బంతిని బాగా తిప్పుతుంది, రెండోది తిప్పదు. ఆడుతూ ఆడుతూ బ్యాటు తిరగేస్తే ఏ పక్కతో కొట్టాడో అవతలివాడికి తెలియదు. చప్పుడును బట్టి పోల్చుకుంటారేమోనని సర్వీసు వేస్తూ కాలు గట్టిగా నేలకేసి కొట్టేవారు కూడా. 1980లలో కాలు కొట్టడం ఆపించారు. 1986 నుంచి ఒక పక్క ఎరుపు, ఒక పక్క నలుపు ఉండాలన్నారు. 2021 నుంచి ఒక పక్క నలుపు ఉంటే చాలు, రెండో పక్క అనుమతించిన వేరే రంగులు కూడా వాడవచ్చు.

2000లో బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగింది. వేగం కొద్దిగా తగ్గి చూసేవాళ్ళకు కూడా బంతి కనబడసాగింది. 2001లో 21 పాయింట్ల గేమ్ 11 పాయింట్లకు, ఐదేసి సర్వీసులు రెండేసికి మారాయి. మనలో చాలామంది ఇంకా 21 లెక్కే పెడుతుంటారు! 2002లో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు వచ్చింది. సర్వీసు వేసేటప్పుడు చెయ్యి, భుజం, ఒళ్ళు అడ్డం పెట్టి బంతిని దాచడం నిషేధం అయింది.

నేటి నియమాలు, క్లుప్తంగా

1. సర్వీసు: బంతి తెరిచిన అరచేతిలో కదలకుండా ఉండాలి. దాదాపు నిటారుగా, తిప్పకుండా, చేతి నుంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి వెయ్యాలి. అది దిగేటప్పుడు కొట్టాలి. మొదలు నుంచి కొట్టేదాకా బంతి బల్ల మట్టానికి పైన, బల్ల చివరి గీతకు వెనుక ఉండాలి. అవతలివాడికి కనబడుతూ ఉండాలి. బంతి పైకి వెయ్యగానే ఖాళీ చెయ్యి అడ్డం తీసెయ్యాలి. కొట్టిన బంతి ముందు మన వైపు ఒకసారి, తర్వాత అవతలి వైపు పడాలి. డబుల్స్‌లో కుడి సగం నుంచి ఎదుటివాళ్ళ కుడి సగానికి ఐమూలగా వెళ్ళాలి.

2. నెట్: సర్వీసు నెట్‌కు తగిలి, మిగతా అంతా సరిగ్గా పడితే లెట్, మళ్ళీ వెయ్యాలి. ఆట మధ్యలో నెట్‌కు తగిలి అవతల పడితే అది మంచి బంతే, ఆడాల్సిందే.

3. రిటర్న్: మన వైపు ఒకసారి పడ్డాకే కొట్టాలి. బల్ల మీద ఉన్న బంతిని, లేదా బల్ల వైపు వస్తున్న బంతిని అది పడకముందే తాకితే పాయింట్ పోతుంది. నెట్ పక్కనుంచి చుట్టు తిరిగి అవతల పడినా చెల్లుతుంది.

4. చెయ్యి: బ్యాటు పట్టుకున్న చేతి మణికట్టు కింది భాగం కూడా బ్యాటు కిందే లెక్క. వేళ్ళకు తగిలి వెళ్ళిన బంతి చెల్లుతుంది. ఖాళీ చేతికి తగిలితే చెల్లదు. ఖాళీ చెయ్యి బల్లపై ఆనించినా, బల్లను కదిపినా పాయింట్ పోతుంది. కావాలని రెండుసార్లు కొట్టకూడదు.

5. అంచు: బల్ల పై అంచుకు తగిలిన బంతి మంచిదే. నిలువు పక్కకు తగిలితే బయటి బంతి.

బచేలీ పిల్లల మూడు తగాదాలూ ఈ ఐదింటితో తీరిపోయాయి. హిందీలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాం. ఆ తర్వాత నేను కాదు, గోడే అంపైర్. అరువు బ్యాటుతో ఆడే గోండు కుర్రవాడు ఒకడు, సొంత బ్యాటున్న పెద్ద పిల్లవాణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించి మరీ తన పాయింట్ తీసుకున్నాడు. డబ్బు, భాష, గొంతు ఏవీ సమానంగా లేని చోట సమానంగా ఉన్నది ఆ కాగితం ఒక్కటే.

దాచడం, చూపించడం

మనం నేర్చుకున్న విద్యలో దాచడమే సగం. కదలిక దాచాలి, ఉద్దేశం దాచాలి, చప్పుడు దాచాలి. అదే బస్తర్ డివిజన్‌లో కాంకేర్ దగ్గర 2005లో మొదలైన జంగిల్ వార్‌ఫేర్ కాలేజీలో గెరిల్లాతో గెరిల్లాలాగే పోరాడాలని నేర్పుతారు. ఆ అడవిలో అది తప్పదు, దానివల్లే ఎందరో ప్రాణాలతో తిరిగొచ్చారు. బల్ల దగ్గర ధర్మం దానికి పూర్తిగా ఎదురు. ఇదిగో నా చెయ్యి, ఇదిగో బంతి, ఇదిగో నా బ్యాటు రంగు, చూసుకో, ఇప్పుడు కొడుతున్నాను అనాలి. అయినా గెలవాలి. తుపాకి పట్టిన మనిషికి రోజుకు అరగంటైనా ఈ రెండో విద్య అవసరం అని నా నమ్మకం. ఎప్పుడూ దాచుకునే అలవాటు ఇంటి దాకా వస్తే ఏమవుతుందో పెన్షనర్లకు చెప్పనక్కర్లేదు.

కుర్చీలో కూర్చుని ఆడేవాళ్ళు

ఈ నియమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. శరీర వైకల్యం వల్ల సర్వీసు నియమం పాటించలేని ఆటగాడికి అంపైర్ ఆ మేరకు సడలింపు ఇవ్వవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవాడు సర్వీసు అందుకుంటుంటే, సింగిల్స్‌లో ఆ బంతి అతని వైపు పడి పక్క గీత మీదుగా బయటికి పోతే అది లెట్. బంతి పడి నెట్ వైపు వెనక్కి పోయినా లెట్. కుర్చీ అందుకోలేని చోటికి వేసి గెలవడం గెలుపు కాదని దీని అర్థం.

వికలాంగుల క్రీడలకు మూలం సైనికులే. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ గుట్‌మన్ 1948లో గాయపడిన మాజీ సైనికులకు విలువిద్య పోటీ పెట్టారు. అదే పెరిగి 1960లో రోమ్‌లో పారాలింపిక్స్ అయింది. టేబుల్ టెన్నిస్ అప్పటి నుంచీ అందులో ఉంది. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో గుజరాత్‌కు చెందిన భావినా పటేల్ చక్రాల కుర్చీలో ఆడి రజతం గెలిచింది.

బస్తర్‌లో మందుపాతరల వల్ల కాళ్ళు పోగొట్టుకున్న జవాన్లున్నారు, అడవిలోకి ఆకులకో పువ్వులకో వెళ్ళి కాలు పోగొట్టుకున్న గ్రామస్థులున్నారు. 2024లో మొదలైన బస్తర్ ఒలింపిక్స్‌లో హింసలో వికలాంగులైనవాళ్ళు, లొంగిపోయినవాళ్ళు కూడా ఆటలాడారు. ఒకప్పుడు ఎదురెదురుగా ఉన్న మనుషుల మధ్య ఇప్పుడు మైదానం గీతలు, ఒక నియమం మాత్రమే ఉంటే అంతకన్నా ఏం కావాలి? కుర్చీలో కూర్చున్నవాడికి కబడ్డీ కష్టం. బల్ల ఉంటే అతనూ సమానంగా ఆడగలడు.

మన తెలుగు పేర్లు

ఈ ఆటలో తెలుగు నేల వెనకబడలేదు. హైదరాబాదుకు చెందిన సయీద్ సుల్తానా 1949 నుంచి 1954 వరకు జాతీయ మహిళా చాంపియన్. అదే నగరానికి చెందిన మీర్ ఖాసిం అలీ 1968, 1969లలో జాతీయ చాంపియన్ అయి అర్జున అవార్డు పొందారు. చెన్నైలో పెరిగిన మన ఆచంట శరత్ కమల్ పదిసార్లు జాతీయ చాంపియన్. తండ్రి శ్రీనివాసరావు, బాబాయి మురళీధరరావు శిక్షణలో ఎదిగారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఆయన, హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చారు. 2024 పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జాతీయ పతాకం పట్టింది శరత్ కమల్, పి.వి. సింధు. ఇద్దరూ తెలుగువాళ్ళే. 2025లో శరత్ ఆట నుంచి విరమించారు.

చివరగా ఒక విన్నపం

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు నేను చెప్పేది చిన్న మాట. మీ రిక్రియేషన్ రూములో బల్ల పక్కన పై ఐదు నియమాలు రాసి పెట్టండి. బల్ల దగ్గర ర్యాంకు పక్కన పెట్టండి. సుబేదార్ మేజర్ సాబ్ అయినా, నిన్న వచ్చిన రిక్రూట్ అయినా బంతి 16 సెంటీమీటర్లు పైకి వెయ్యాల్సిందే, ఎదుటివాడికి చూపించాల్సిందే. పెద్దవాడు పాయింట్ ఒప్పుకుని “నీదే, తీసుకో” అన్న రోజున ఆ కుర్రవాడికి కలిగే నమ్మకం పది దర్బార్లలో చెప్పినా రాదు.

పెన్షన్‌లో ఉన్న నా తోటివాళ్ళకు ఇంకో మాట. మీ ఊరి స్కూల్లో ఒక బల్ల వేయించండి. బల్ల కొనలేకపోతే రెండు పాత బల్లలు కలిపి మధ్యలో ఇటుకలు పేర్చండి, ఆట మొదలైంది కూడా అలాగే అంటారు కదా. పిల్లలకు గట్టిగా కొట్టడం వాళ్ళంతట వాళ్ళకే వస్తుంది. ఎదుటివాడికి కనబడేలా కొట్టడం మాత్రం మనం దగ్గరుండి నేర్పాలి.

జై హింద్.